చెయ్యి మరిగిన బర్రె

"నా చెయ్యి తగిలితేనే పాలు చేపుతది అన్నా. వేరేటోళ్లయితే తంతది," అంది సక్కుబాయి, పెరట్లో మిగిలిన ఒక్క బర్రె మెడ నిమురుతూ.

సైదాబాద్ నుంచి కొనడానికొచ్చిన పాల వ్యాపారి రామ్‌చందర్ పొదుగు మీద చెయ్యి వేశాడు. బర్రె కాలు ఝాడించింది. అతను బయటికి తీసిన నిజాం హాలీ రూపాయల సంచి మళ్లీ నడుముకు కట్టుకున్నాడు.

సక్కుబాయి ప్రాణం కుదుటపడింది. కొడుకు అంజన్ వైపు తిరిగి, "సర్కారు నౌకర్లకు కొలువు దిగినంక నెలనెలా వజీఫా ఉంటది బిడ్డా. ముసలితనంల నాకూ మీ బాపుకూ ఇదే వజీఫా. నీ కాలేజీ ఫీజుకు ఇంకో తొవ్వ సూద్దాం," అంది.

అంజన్ పుస్తకం మూసి లేచాడు.

"గిదేం ఫికర్ సేఠ్? మా అమ్మను గూడ తోల్కపోండి. మీ కొట్టంలనే ఉండి రెండు పూటలా పిండుతది. జీతం నాకియ్యుండ్రి."

రామ్‌చందర్ ముఖం వికసించింది. సంచి మళ్లీ బయటికొచ్చింది.

సక్కుబాయి ఆశగా భర్తను చూసింది. గుండయ్య బర్రె మెడలోని పలుపు విప్పుకుంటున్నాడు. గొడ్డును అమ్మినా పలుపు ఇంట్లో ఉంటే పాడి మళ్లొస్తుందని వాళ్ల నమ్మకం.

రామ్‌చందర్ తన తాడు తీయబోయాడు.

"తాడెందుకు సేఠ్?" అన్నాడు అంజన్. "అమ్మ ముందు నడిస్తే అదే ఎంబడి వస్తది."

సక్కుబాయి నడిచింది. బర్రె వెంట నడిచింది. వాకిలి దాటేముందు ఆమె ఆగింది.

"మల్ల నేనెప్పుడు రావాలె?"

గుండయ్య పలుపును భద్రంగా కొక్కేనికి తగిలిస్తూ, తిరిగి చూడకుండానే అన్నాడు:

"అది వట్టిపోయినంక."