పొయ్యిలో అత్తయ్య చెయ్యి

మా అత్తయ్య వరహాలమ్మగారితో వేగడం కష్టం. మనుషుల్నే కాదు, పొయ్యిని కూడా నమ్మరు.

ఇప్పుడు అనకాపల్లిలో ప్రతి పొయ్యీ చూసి నేర్చుకునేదే. మా పొయ్యి ముప్పై ఏళ్లుగా అత్తయ్య వంటంతా గుర్తుపెట్టుకుంది. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక ఆ రుచి మిగిలింది దానిలోనే. మొన్న ఆదివారం దాని జ్ఞాపకం నిండిపోయింది.

మావారు భాస్కరం దాని పలక మీద ఒకే వరుసలో రెండు ఆజ్ఞలు కొట్టారు: పాత వంటలన్నీ కుదించి మూట కట్టు, తరవాత అసలువి తుడిచెయ్యి.

అత్తయ్య కళ్లద్దాలు సవరించుకుని, ఆ రెంటి మధ్య "మూట పూర్తయితేనే" అని చేర్చారు. డిగ్రీ చదివిన నాకూ తట్టలేదు.

"అమ్మా, అది యంత్రం. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

"అందుకేరా నా భయం. ఆవకాయ జాడీలోకి ఎత్తకుండానే బేసిన్ కడిగేస్తామేంట్రా?"

ఆయన నవ్వి మీట నొక్కారు. మూట కడుతూ ములక్కాడ పులుసు దాకా వచ్చి పొయ్యి ఆగిపోయింది.

"చోటు చాలలేదు. మూట సగమే అయింది. ఏదీ తుడవలేదు," అంది.

నిండిపోయిన పొయ్యిలోనే మూట కట్టమన్నారు మహానుభావుడు! అత్తయ్య మాట అడ్డుపడకపోతే ఆవిడ సగం వంట ఆ పూటతో సరి.

ఆవిడ దెప్పలేదు. బీరువాలోంచి ఖాళీ జ్ఞాపకాల డబ్బా తెచ్చి, "దీన్లోకి కట్టు నాయనా," అన్నారు.

మావారు ఏదో గొణిగారు.

"పొయ్యికి వినపడలేదటండీ," అన్నాను.

"తప్పు నాదేనమ్మా," అన్నారు, ఈసారి గట్టిగా.