రెండడుగుల ముందు

"కాస్త పక్కకి తప్పుకుంటారా సార్? ఇది రోగులు నడిచే దారి!"

పోస్ట్‌మేన్ అంత గట్టిగా అన్నా ముందున్న పెద్దమనిషి చెవిన పెట్టలేదు. వరండా నడిమధ్యన, చేతులు వెనక్కి కట్టుకుని తీరిగ్గా అడుగులేస్తున్నాడు.

'నత్త!' అని పళ్ళు నూరుకున్నాడు పోస్ట్‌మేన్. ఆ క్షణం నుంచి ఆయన మనసులో ఆ మనిషికి అదే పేరు ఖాయమైపోయింది.

ముప్పై ఏళ్ళు సంచి భుజాన వేసుకుని వీధులన్నీ చుట్టేసిన పోస్ట్‌మేన్‌కి ఇప్పుడు నాలుగిళ్ళు దాటేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి. కాళ్ళలో రక్తనాళాలు సన్నబడ్డాయన్నారు డాక్టర్లు. ఆసుపత్రి వెనక ఉన్న పొడవాటి వరండాలో రోజూ నడవమన్నారు. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవాలి. ఆగాలి. తగ్గగానే మళ్ళీ నడవాలి.

"ఇదీ ఒక వైద్యమేనా అమ్మా?" అన్నాడు, అక్కడ అందరినీ నడిపించే అమ్మాయితో.

"మూడు నెలలు నడిచి చూడండి, మీకే తెలుస్తుంది. మధ్యలో మానేస్తేనే ముప్పు," అంది ఆ అమ్మాయి.

మూడు నెలలయ్యాక పరీక్ష. పది నిమిషాలు ఆగకుండా నడిస్తే మళ్ళీ సంచి చేతికొస్తుంది. లేదంటే రిటైరయ్యేదాకా పోస్టాఫీసులో ఒక మూలన కూర్చుని ముద్రలు కొట్టుకోవాల్సిందే. ఆ మాట తలచుకుంటేనే ఆయన ప్రాణం ఉసూరుమనేది.

అయినా నాలుగోరోజుకే విసుగొచ్చేసింది. నడక సగంలో ఆపి ఇంటికి బయల్దేరాడు. సరిగ్గా అప్పుడే నత్త ఎదురొచ్చాడు.

"ఆ కిటికీ దాకా వస్తారా?"

"రానంటే?"

"నేను గెలిచినట్టు."

పోస్ట్‌మేన్‌కి ఒళ్ళు మండిపోయింది. కిటికీ దాకా కాదు, చివరి తలుపు దాకా నడిచాడు.

ఇక రోజూ అదే తంతు. ఈయన ఆగితే నత్త కూడా ఆగి, గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నిలబడేవాడు. ఈయన లేస్తే మళ్ళీ రెండడుగుల ముందుండేవాడు. దాటిపోదామంటే దారివ్వడు. "ఏవండోయ్, ఉత్తరాలు ఇలాగేనా పంచింది?" అని పైగా విసుర్లు. ఆ ఉక్రోషంతోనే నడిచేవాడు పోస్ట్‌మేన్. మూడు నిమిషాలు ఐదయ్యాయి. ఐదు ఎనిమిదయ్యాయి. అదంతా తన పట్టుదలేననుకున్నాడు.

ఒకరోజు నలుగురు కొత్తవాళ్ళ ముందు నత్త నోరు జారాడు.

"అప్పుడే కూలబడ్డారా? నిన్న ఇంకా బాగా నడిచారుగా!"

అందరూ గొల్లుమన్నారు. పోస్ట్‌మేన్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆకాశరామన్న ఉత్తరాలు ఆయన ఎన్ని పంచి ఉంటాడో లెక్కలేదు. రాసేవాడి పేరు లేని ఆ కాగితాలంటే ఆయనకి మహా చీదర. అలాంటి మనిషి ఆ సాయంత్రం కూర్చుని, చేతిరాత మార్చి మరీ ఒకటి రాశాడు. 'ఎవరో ఊరూ పేరూ లేని మనిషి వరండాలో రోగులకి అడ్డం పడుతున్నాడు, ఎగతాళి చేస్తున్నాడు.' మర్నాడు ఎవరూ చూడకుండా ఆసుపత్రి ఫిర్యాదుల పెట్టెలో వేసేశాడు.

రెండు రోజులకి కాపలామనిషి నత్తని వరండా మొదట్లోనే ఆపాడు.

"కార్డు చూపించండి."

"కార్డు లేదు బాబూ."

"ఏం జబ్బు మీకు?"

"ఏ జబ్బూ లేదు."

"మరి ఇక్కడ మీకేం పనండీ? వెళ్ళండి, వెళ్ళండి!"

జబ్బే లేదట! ఊరికే షికారుకొచ్చి నన్ను ఆడించాడన్నమాట, అనుకున్నాడు పోస్ట్‌మేన్. నత్త దూరం నుంచే ఆయన్ని చూసి చెయ్యెత్తాడు.

"మానకండేం!"

పోస్ట్‌మేన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మొదటిరోజు ఖాళీ వరండాలో మహారాజులా నడిచాడు. రెండోరోజు నొప్పి మొదలవకముందే బెంచీ మీద కూర్చున్నాడు. అడిగేవాడెవడు? మూడోరోజు వాన అన్నాడు. ఆ తర్వాత బూటు కరిచిందన్నాడు. "ఇవాళా వెళ్ళరా?" అని భార్య అడిగితే కస్సుమన్నాడు.

పరీక్షలో ఆరో నిమిషానికే గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

నడిపించే అమ్మాయి ఆయన కాగితాలు తిరగేసి నిట్టూర్చింది.

"ఎనిమిది దాకా వచ్చారు కదండీ! ఆ పెద్దాయన్ని ఆపేసిన వారం నుంచే మీ నడక తగ్గిపోయింది. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట. నేను సెలవులో ఉండగా ఆఫీసువాళ్ళు అది చూసి ఆయన్ని ఆపేశారు. ఏ పుణ్యాత్ముడో మరి!"

అది రాసింది నేనే అని చెబుదామనుకున్నాడు పోస్ట్‌మేన్. కానీ ఆ అమ్మాయి మొహం చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు.

"అడ్రసివ్వమ్మా," అన్నాడు చివరికి, తలెత్తకుండానే. "నేనే వెళ్ళి పిలుచుకొస్తాను."

"ఫైల్లో ఉన్న ఇంటికి మనిషిని పంపానండీ. ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారట. ఎవరికీ తెలీదు."

"ఫైలేంటి? ఆయనకి జబ్బే లేదుగా!"

"ఫైలు ఆయనది కాదండీ, వాళ్ళావిడది," అంది ఆ అమ్మాయి. "ఒక్కదాన్నే నడవలేను, తోడు రమ్మని ఆవిడ అడిగితే తీరిక లేదన్నారట ఆయన, ఆవిడ పదోరోజుకే మానేసింది, కాలు తీసేసినా బతకలేదు, అప్పట్నుంచీ ఇక్కడ ఎవరు మానేసేలా కనిపించినా ఆయనే వచ్చి వాళ్ళ ముందు నడుస్తున్నారు."