ఖాళీ మంచం లేని ఆస్పత్రి

కమిటీ వాళ్ళ జీపు గేటు ముందు ఆగేసరికి వెంకటరావు తెల్లకోటుకు చివరి గుండీ ఇంకా పట్టలేదు.

"ఊపిరి బిగబట్టండి బాబాయిగారూ," అంది నర్సు ఎమిలీ. గుండీ ఎలాగో పట్టింది. "కళ్ళజోడు పెట్టుకోండి. తక్కువ మాటాడండి. ఎక్కువ తలూపండి."

"నా సేత అవుతాదంటావా ఎమిలీ?"

"మీరు తప్ప ఇంకెవలున్నారు సెప్పండి?"

నిజమే. అసలే గోల్‌బజార్ వెనక సందులో ఆరు మంచాల నర్సింగ్ హోమ్. నాణ్యత తనిఖీ అంటూ కలకత్తా నుంచి కమిటీ ఊడిపడింది. గుర్తింపు ఇస్తే ఆస్పత్రి ఉంటుంది. ఇవ్వకపోతే ఈ పూటే తాళం వేయించి, తాళంచెవి జీపులో పడేసుకుని పోతారు.

తాళం పడితే వెంకటరావు గతేం కాను? ఖరగ్‌పూర్‌లో అన్ని గడపలూ తొక్కి చూశాడు. ఇక మిగిలింది కలకత్తా. ఈ వయసులో, ఈ ఒంటితో, లోకల్ ట్రైన్లో వేళ్ళాడుతూ కలకత్తా! 

జీపులోంచి ఇద్దరు దిగారు. పెద్దాయన పేరు చటర్జీ. కనిపించిన ప్రతి వస్తువునూ వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకునే రకం. రెండో ఆయన పని చటర్జీ అన్నదానికల్లా "ఠీక్, ఠీక్" అనడం.

"డాక్టర్ రావ్ మీరేనా?" బెంగాలీలో అడిగాడు చటర్జీ.

వెంకటరావు తలూపాడు. ముందు తను, వెనక వాళ్ళు. అడుగులో అడుగు వేసుకుంటూ అతను నడిచిన తీరు చూసి, చాలా పెద్ద డాక్టరై ఉంటాడని రెండో ఆయన ఠీక్ అన్నాడు.

వార్డు గుమ్మంలో చటర్జీ ఆగి మంచాలు లెక్కపెట్టాడు.

"ఖాళీ మంచాలున్న ఆస్పత్రికి నేను గుర్తింపు ఇవ్వను. మొన్ననే ఒకటి మూయించాను. ఇక్కడ అన్నీ నిండాయి. ఖూబ్ భాలో! మరి మీ సిబ్బంది ఏరీ?"

"అందరూ వార్డులోనే ఉన్నారు సార్."

ఆ రోజు వెంకటరావు తడుముకోకుండా చెప్పిన మాట అదొక్కటే.

"మంచిది. చేతులు ఎప్పుడెప్పుడు కడుగుతారు?"

"అన్నం తినేముందు సార్."

ఎమిలీ మొహంలో నెత్తురు చుక్క లేదు. కిటికీ పక్క మంచం మీంచి దగ్గు వినిపించింది. దుప్పటి గడ్డందాకా కప్పుకున్న మనిషి పైకప్పు చూస్తూ అన్నాడు: "పేషెంటును ముట్టుకునేముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి."

చటర్జీ ముచ్చటపడిపోయాడు. "చూశారా! ఇక్కడ మంచం మీది వాళ్ళకు కూడా ఎంత అవగాహన!"

"ఠీక్," అన్నాడు రెండో ఆయన.

ఇంతలో రెండో మంచం మీద తలకు కట్టుతో ఉన్న విల్‌ఫ్రెడ్ లేచాడు. పక్క మంచం సెలైన్ గొట్టం మెలిపడిందని సరిచేసి, వచ్చి పడుకుని, మూలగడం గుర్తొచ్చి మూలిగాడు. ఒకరికొకరు ఎంత సాయమో అని చటర్జీ మళ్ళీ మెచ్చుకున్నాడు.

నాలుగో మంచం దగ్గర మాత్రం ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తలవైపు 'కానుపు' అని చీటీ. మంచం మీద పళ్ళూడిన దాలమ్మ.

"వయసెంత?"

"ఏటి బాబూ, ఆడమనిసిని వొయసు అడుగుతారేటి?" గయ్యిమంది దాలమ్మ.

"సారీ దీదీ," అని చటర్జీ గబగబా ముందుకు కదిలాడు. కదిలినవాడు అక్కడే ఆగి, అసలు ప్రశ్న వేశాడు.

"ఆపరేషన్ సరైన మనిషికే, సరైన వైపే చేస్తున్నారని మీకు నమ్మకం ఏమిటి?"

వెంకటరావు గుండె జారిపోయింది. అవునూ, ఏమిటి నమ్మకం? ఈ సంగతి తనకెప్పుడూ తట్టలేదే! బెదురుచూపులతో కిటికీ పక్క మంచం వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు నాయనా," అన్నాడు.

"పేరు ఆ మనిషి నోటితోనే చెప్పిస్తారు," అన్నాడు దుప్పటి మనిషి. "ఏ వైపో అతన్నే చూపించమంటారు. అక్కడ సిరాతో గుర్తు పెడతారు. ఆ గుర్తు చూడకుండా కత్తి ముట్టరు."

వెంకటరావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆఫీసు గదిలో ఎమిలీ సందేశ్ మిఠాయి పళ్ళెం తెచ్చింది. వెంకటరావు చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. ఎమిలీ పళ్ళెం ఇవతలికి లాగేసింది.

"ఆయన రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు సార్," అంది.

"ఉపవాసమా? పేషెంట్ల కోసమా?"

"ఒక్క పేషెంటు కోసం సార్. ఇవాళ హెర్నియా ఆపరేషన్ ఉంది."

చటర్జీ తన చేతిలోని సందేశ్‌ను తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. "ఎలా ఉన్నాడు ఆ పేషెంటు?"

"చాలా భయపడుతున్నాడు సార్," అన్నాడు వెంకటరావు.

"ధైర్యం చెప్పండి."

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నాను సార్. వినడం లేదు."

"మీలాంటి వాళ్ళుండగా భయమెందుకు? ఈ ఆస్పత్రికి గుర్తింపు ఇచ్చేశాను," అని చటర్జీ లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. రెండో ఆయన ఠీక్ అనడం కూడా మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

వెంకటరావు కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆస్పత్రి నిలబడినందుకో, ఇక తప్పించుకునే దారి లేనందుకో అతనికే తెలీదు.

జీపు సందు మలుపు తిరగ్గానే సర్జన్ సుందర్ రాజు కిటికీ పక్క మంచం మీంచి, కాంపౌండర్ విల్‌ఫ్రెడ్ రెండో మంచం మీంచి, ఆయా దాలమ్మ కానుపు మంచం మీంచి దిగి, వంటవాడూ వాచ్‌మనూ ఎక్స్‌రే కుర్రాడూ తలో చెయ్యి వేయగా, ఆ ఆస్పత్రికి నెల రోజులుగా దొరక్క దొరక్క దొరికిన ఒకే ఒక్క పేషెంటు వెంకటరావును ఆపరేషన్ బల్ల ఎక్కించారు.