నీలం గుడ్డ మీద వెండి మబ్బులు

పొద్దు గుంకి ముప్పావుగంటయింది. దర్జీ పైడితల్లి మేడ మీద నిలబడి, ఉత్తరాన చీకట్లోనూ మెరుస్తున్న వెండి మబ్బులను నలభయ్యోసారి ఫోటో తీసింది. ఎప్పటిలాగే ఫోన్ వాటిని తుడిచేసి, "ఆకాశాన్ని శుభ్రం చేశాను" అంది. ఇప్పుడు ఏ ఫోనైనా అంతే. ధ్రువాల వైపు తప్ప విజయనగరంలో అలాంటి మబ్బులు రావని ఫోన్లకెవరో నేర్పి పెట్టారు.

"కళ్లారా సూసినావు కదా, సాలదా?" అన్నాడు భర్త సింహాద్రి.

"నానొక్కదాన్నీ సూస్తే సరిపోద్దేటి? ఎన్నడూ లేనివి మనూరొచ్చాయని రేపు ఎవులైనా నమ్మాల గదా!"

ఆమె గబగబా దిగి, కుట్టడానికి వచ్చిన ముదురు నీలం జాకెట్టు గుడ్డ తెచ్చింది. పిట్టగోడ మీద పరిచి, మబ్బులను చూస్తూ దర్జీ సుద్దతో వాటి ఒక్కో అలనూ గీయసాగింది.

"ఓలమ్మ! అది టీచరమ్మ గుడ్డే!"

"ఆవిడకి కొత్తది కొనిస్తాను. ఆ కొస గట్టిగా పట్టుకో."

మబ్బులు కరిగేలోగా గీయడం పూర్తయింది. మూలన తేదీ, టైము, ఊరి పేరు రాసి ఫోటో తీసింది.



"డిజైను చాలా బాగుంది" అంది ఫోన్, ఒక్క గీతా తుడవకుండా.