రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ

“ఐ వజ్ వర్క్ ఇన్ ఏలూరు,” అంది సరళకుమారి గ్రామర్ పుస్తకం మూసేసి.

“వర్కింగ్, మమ్మీ! అప్పుడు జరుగుతున్న పని కదా, చివర ‘ఇంగ్’ రావాలి.” అబిగెయిల్ నుదురు కొట్టుకుంది. “రేపే ఇంటర్వ్యూ. హిందీలో చెప్పేయొచ్చుగా?”

“ఆ మేడమ్‌కి హిందీ రాదంట. ఇంగ్లీషే.”

ఇరవై రెండేళ్లుగా ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సు సరళకుమారి. డ్యూటీలో హిందీ, వైశాలి కాలనీలోని ఫ్లాట్‌లో తెలుగు. ఇంగ్లీషు మందుల పేర్ల వరకే. వారంగా కూతురే టీచరు.

ఆ టీచరుకీ ఒక స్వార్థం ఉంది. తల్లి సెలక్టయిన సంతోషంలో ఆస్టిన్ సంగతి బయటపెట్టాలి. రెండేళ్ల ప్రేమ. తెలుగబ్బాయి కాదు. తల్లి ఫెయిలై దిగులుగా ఉంటే నోరెత్తడం కుదరదు.

తల్లి రాసుకున్న ప్రశ్నల చీటీ అందుకుంది. “వాట్ వజ్ యువర్ హజ్బెండ్ డూయింగ్ వెన్ యు మెట్ హిమ్? అరే, డాడీ సంగతి వాళ్లకెందుకు?”

“పెద్దింటి వ్యవహారం. అన్నీ అడుగుతారు. హీ వజ్ సింగింగ్ ఇన్ చర్చ్. ఐ వజ్ లుకింగ్.”

“అది మాత్రం చెప్పకు ప్లీజ్!” అబిగెయిల్ పడీపడీ నవ్వింది.

“చెప్పనీవే. నా పాట గురించి ఒకరైనా ఇంగ్లీషులో వినాలి,” అంటూ బాబురావు కాజూ కత్లీ డబ్బాతో లోపలికొచ్చాడు.

“ఇంటర్వ్యూకి స్వీట్లేంటి డాడీ?”

“ఓకే అంటే అక్కడే నోరు తీపి చేద్దామని.”

“అక్కడికక్కడే ఎవరు చెప్తారు?”

“వీళ్లు చెప్తారు,” అన్నాడు ధీమాగా.

సరళకుమారి ముఖం చిన్నబోయింది. “నా ఇంగ్లీషు వల్ల చెడిపోతేనో? జన్మంతా బాధపడతానే.”

అబిగెయిల్ ఆమెను వాటేసుకుంది. “చెడదు. నిన్ను కాదనేవాళ్లుంటారా? ఇంకొక్కసారి. లాస్ట్ ఇయర్ వాట్ వర్ యు డూయింగ్?”

“ఐ వజ్ వర్కింగ్. మై డాటర్ వజ్ లాఫింగ్ ఆన్ ది ఫోన్ ఎవ్రీ డే.”

“వాహ్! ఒక్క తప్పు లేదు. పాస్!”

“అయితే రేపు నువ్వూ రా. ఆ నీలం చీర కట్టుకో.”

“నేనా? నాతో ఏం పని? ఇంతకీ ఎవరా మేడమ్?”

సరళకుమారి కూతురి బుగ్గ గిల్లింది.

“ఆస్టిన్ వాళ్లమ్మ.”