సెల్ఫ్ సర్వీసులో కొసరు

కొంటా ఊళ్లో కిరాణా కొట్టు నడిపే గంగారత్నం వారపు అంగడి రోజు పొద్దున్నే కౌంటర్ బల్ల పీకించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ దుకాణాలు బల్లలు తీసేసి, సరుకులు జనమే తీసుకునేలా చేశాయని, అలా ఒక్కో కొట్టు వందల కొట్లయిందని ఆమె ఫోన్లో చూసింది. రెండో కొట్టు జిల్లా కేంద్రం సుక్మాలో పెట్టాలని ఆమె ఆశ.

మధ్యాహ్నం దాకా ఒక్కరూ లోపలికి రాలేదు. పది మంది ఆడవాళ్లు గడప బయటే నిలబడి చూస్తున్నారు. బల్ల కొనుక్కున్న వడ్రంగి దాన్ని ఆటోకు ఎక్కిస్తున్నాడు.

చివరికి పాత ఖాతాదారు సోమి బుట్ట పట్టుకుని లోపలికెళ్లింది. ఉప్పు, సబ్బు తెచ్చి డబ్బిచ్చింది. కదలకుండా నిలబడింది.

"ఏందక్కా, కొసరు ఇయ్యవా?"

బల్ల ఉన్నన్నాళ్లూ గంగారత్నం ప్రతి బేరానికీ ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేది.

"ఇది సెల్ఫ్ సర్వీసు సోమీ. నేనేమీ ఇవ్వను. ఏది కావాలన్నా నువ్వే తీసుకోవాలి."

"ఎంతంటే అంతనా?"

"నీ ఇష్టం. అడిగేవాళ్లే లేరు."

సోమి వెనక్కి వెళ్లి బెల్లం గంపలోంచి దోసెడు ముక్కలు కొంగులో వేసుకుంది. గడప వైపు తిరిగి కేకేసింది.

"ఓ అక్కలారా, రాండ్రి! ఈడ కొసరు గూడ మనమే తీసుకోవాల్నంట!"

పది మందీ ఒక్కసారే లోపలికొచ్చారు. కొట్టు కిటకిటలాడింది. బ్రిటన్ పద్ధతి కొంటాలోనూ పనిచేసింది.

గంగారత్నం వీధిలోకి పరుగెత్తింది.

"ఓ మేస్త్రీ! బల్ల దించవయ్యా!"