అక్క గొంతు

ఆఫీసులోకి ఎవడైనా ఆయుధంతో చొరబడితే ఎటు పోవాలో స్పీకర్లలో చెప్పే ఏర్పాటు నాది. తీరా రిహార్సల్‌లో నా గొంతు విని ఒక్కరు కూడా కుర్చీలోంచి కదల్లేదు.

"మీరు చెబితే మనింట్లో పిల్లే వినదు. వాళ్ళెందుకు వింటారండీ?" అంది మా ఆవిడ.

దాంతో ఆఫీసులో నేల తుడిచే అక్కని బతిమాలి ఆవిడ గొంతు రికార్డు చేశాను. తడి ఆరకముందు కాలు పెడితే ఎండీ గారినైనా వదలని మనిషి.

"ఎడం పక్కకి నడవండి! ఏ గది కనబడితే అందులో దూరి గడియ పెట్టుకోండి! చప్పుడు చేశారో, ఊరుకోను!"

రెండో రిహార్సల్‌లో నిమిషానికల్లా అంతస్తు ఖాళీ.

మొన్న సోమవారం నిజంగానే ఒకడు కత్తితో నాలుగో అంతస్తుకి వచ్చాడు. మీట నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది. వాడున్న కారిడార్‌లో స్పీకరు ఆపాలి, కంగారులో మర్చిపోయాను. అందరూ ఎక్కడ దాక్కున్నారో వాడికి నేనే చెప్పేసినట్టయింది.

పోలీసులు వచ్చేసరికి అందరూ క్షేమంగా ఉన్నారు. వాడే కనబడలేదు.

వెతగ్గా వెతగ్గా చీపుళ్ళ గదికి లోపల్నుంచి గడియ. గడియ ఊడేలా తలుపు తోసి చూస్తే కత్తి పక్కన పడేసి, బకెట్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇందులో దూరావేంరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పోయిన నెల తీసేసేదాకా ఆరేళ్ళు మా దగ్గరే పనిచేసిన ఆ మనిషి బెదురుగా స్పీకరు వైపు చూశాడు.

"మెల్లగా మాట్లాడండి సార్," అన్నాడు గుసగుసగా. "అక్క ఊరుకోదు."